సగంలో ఆగిన స్వెట్టరు విప్పితే ఊలు మళ్లీ పనికొస్తాదా?

అనంతపురం అమ్మ:
మావాడికి ఢిల్లీలో సీటొచ్చినప్పుడు స్వెట్టరు మొదలుపెట్టినా. వీపు భాగం అయింది, ముందు భాగం చంకల దాకా వచ్చేసరికి వాని చదువే అయిపాయ. ఇప్పుడు చెన్నైలో ఉద్యోగం, అక్కడ బనియనే ఎక్కువ! నాలుగేండ్లు బీరువాలో పడుండింది. నిన్న ముందు భాగం విప్పితే దారమంతా సేమ్యా మాదిరి వంకర్లు. దీంతో మా చెల్లెలి మనవరాలికి ఏమన్నా అల్లుదామని. అట్లనే అల్లేయొచ్చునా? మా అత్త "దిండులో కూరెయ్" అంటాంది. అంతా కలిపి 280 గ్రాములుంది, నీలం రంగు. చీటీ ఎప్పుడో పోయింది, అసలు ఊలో కాదో కూడా తెలీదు.

మగ్గమింటి కోడలు, ధర్మవరం:
అట్లనే అల్లొద్దక్కా. అల్లిక ఎగుడుదిగుడుగా వస్తాది, ఉతికినాక కొలత మారిపోతాది. ముందు దారాన్ని చిలప, అంటే వదులు చుట్టగా చుట్టు. కుర్చీ తిరగేసి నాలుగు కాళ్ల చుట్టూ చుట్టి, నాలుగు చోట్ల నూలుదారంతో వదులుగా కట్టు. బిగించి కడితే ఆ చోట వంకర అట్లనే నిలిచిపోతాది. గోరువెచ్చని నీళ్లలో చుక్క షాంపూ వేసి అరగంట నాననీ. పిండొద్దు, తువ్వాల్లో చుట్టి అదుము. ఆరేసేది నీడలోనే, మన ఎండకు నీలం నిలవదు.

కడప మాస్టారు (రిటైర్డు):
ముందు అది ఏ దారమో తేల్చుకోండమ్మా. రెండంగుళాల ముక్క పట్టకారుతో పట్టి అంటించండి, పక్కన నీళ్ల గిన్నె ఉండాలి. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మంట తీస్తే ఆరుతుంది, బూడిద వేళ్ల మధ్య పొడైపోతుంది. అక్రిలిక్ అనే కృత్రిమ దారమైతే కరిగి నల్లటి గట్టి పూసవుతుంది. అసలు ఉన్నికి ఇంకో సుఖముంది: పోగుకు పొలుసులుంటాయి కాబట్టి రెండు కొసలు తడిపి అరచేతుల్లో రుద్దితే కలిసిపోతాయి, ముడి అక్కర్లేదు. అక్రిలిక్‌కు ఆ పప్పులుడకవు. ఇస్త్రీ పెట్టె కూడా తగలనీయొద్దు, సాగి చచ్చుబడిపోతుంది.

అనంతపురం అమ్మ:
నల్ల పూసే సార్! అంగట్లో "అచ్చమైన ఊలు" అంటే నమ్మి తెచ్చుకున్నా. మనసు చివుక్కుమనింది.

మగ్గమింటి కోడలు, ధర్మవరం:
పోనీలే అక్కా, పసిబిడ్డకు అదే మేలు. గుచ్చుకోదు, ఎన్నిసార్లన్నా ఉతకొచ్చు. వంకర్లు మొత్తం పోవుగానీ టోపీలో కనబడవు. టోపీకి 50 గ్రాములు చాలు. వీపు భాగం మాత్రం విప్పొద్దు, వెనక గుడ్డ వేసి దిండు గలీబు కుట్టు. మీ అత్త మాటా నిలబడతాది.

అనంతపురం అమ్మ:
గలీబు మాట చెప్పినాక మా అత్త ముఖం చూడాల! ఇంట్లో కుర్చీలన్నీ ప్లాస్టిక్‌వి, కాళ్ల మీంచి దారం జారిపోతాంది. మా ఆయన్నే రెండు చేతులూ చాపి కూర్చోమన్నా. క్రికెట్ అయ్యేదాకా ఉలకలేదు పలకలేదు, చిలప బాగా వచ్చింది.