గేజ్ ఆర్ అండ్ ఆర్ 42 శాతం వస్తా ఉంది, తప్పు మనుషులదా వెర్నియర్‌దా?

రేణిగుంట_క్యూసీ:
అన్నలూ, గాజులమండ్యం ఎస్టేట్‌లో చిన్న టర్నింగ్ షాపులో క్యూసీ చూస్తా ఉండా. షాఫ్ట్ డయా 25 మిమీ, టాలరెన్స్ ప్లస్ మైనస్ 0.02. కస్టమర్ గేజ్ ఆర్ అండ్ ఆర్ (కనబడే తేడాలో కొలత వల్ల వచ్చేది ఎంతో చూసే పరీక్ష) అడిగితే 10 పీసులు, ముగ్గురు ఇన్‌స్పెక్టర్లు, తలా 3 సార్లు డిజిటల్ వెర్నియర్‌తో కొలిచినాం, టోటల్ వేరియేషన్ మీద 42 శాతం వచ్చింది, ఎన్‌డీసీ (పీసుల్ని ఎన్ని గుంపులుగా వేరు చేయగలమో చెప్పే అంకె) 3. వెర్నియర్ క్యాలిబ్రేషన్ పోయిన నెలే అయింది. మా సార్ ఏమో పిల్లోళ్ళకి కొలవడం రాదు అంటా ఉండారు.

చిత్తూరోడు:
క్యాలిబ్రేషన్ వేరే కథ తమ్ముడూ, గేజ్ బ్లాక్ (కచ్చితమైన సైజు దిమ్మ) పెట్టి చూస్తే వెర్నియర్ ఎంత తప్పు చూపిస్తాదో అదే చెప్తాది, ఒకే పీసుని మూడుసార్లు కొలిస్తే ఒకే రీడింగ్ వస్తాదా లేదా అనేది దాంట్లో తెలీదు. నీ టాలరెన్స్ మొత్తం 0.04, వెర్నియర్ లీస్ట్ కౌంట్ (చూపించగల అతి చిన్న కొలత) 0.01, అంటే నాలుగే మెట్లు, కట్టెల కాటాలో బంగారం తూచినట్టుంది. టాలరెన్స్‌లో కనీసం పదో వంతు కనబడాల, 0.001 మిమీ లీస్ట్ కౌంట్ ఉండే మైక్రోమీటర్ పట్టు. సార్‌కి చెప్పే ముందు షీట్‌లో ఈవీ (పరికరం వల్ల తేడా) ఎంత, ఏవీ (కొలిచే మనుషుల వల్ల తేడా) ఎంత చూడు.

రేణిగుంట_క్యూసీ:
ఈవీ 38, ఏవీ 18 అన్నా.

చిత్తూరోడు:
చూసినావా, మనిషికీ మనిషికీ తేడా 18 మాత్రమే, ఒకే మనిషి మళ్ళీ కొలిస్తే వచ్చే తేడానే 38. పిల్లోళ్ళని అనేది దేనికబ్బా.

లేత్_సామి:
పీసులు ఎట్ల ఏరినారు? ఒకే షిఫ్ట్‌లో వరసగా వచ్చినవి పది తీసుకుంటే అన్నీ ఒకేలా ఉంటాయి, పీసుల మధ్య తేడా లేకపోతే ఆ శాతం పెరగక ఏమైతాది. వేరేవేరే రోజులవి, సెట్టింగ్ మార్చినాక వచ్చినవి, టూల్ అరిగినప్పటివి కలపాల. ఏఐఏజీ (అమెరికా ఆటో కంపెనీల సంఘం) లెక్కలో 10 లోపు మంచిది, 30 దాటితే పనికిరాదు, మధ్యలో అయితే కస్టమర్‌తో మాట్లాడుకోవాల, ఎన్‌డీసీ 5 తగ్గకూడదు. ఇంకోటి, మిషన్ మీంచి తీసిన వేడి పీసు కొలవద్దు సామీ, 25 మిమీ స్టీలు 15 డిగ్రీలు వేడెక్కితే 4 మైక్రాన్ల పైనే పెరుగుతాది, నీ టాలరెన్స్‌లో పదో వంతు ఆడికే పాయె. పీసులూ మైక్రోమీటరూ ఒకే సర్ఫేస్ ప్లేట్ మీద గంటసేపు పెట్టు. మైక్రోమీటర్ బిగించేది ర్యాచెట్‌తోనే (ఒకే ఒత్తిడి పడేలా చూసే చివరి పిడి).

రేణిగుంట_క్యూసీ:
వరసగా వచ్చినవే అన్నా 😅 అదీ నేనే ఏరినా. పక్క షాపులో మైక్రోమీటర్ అడిగినా, సోమవారం ఇస్తారంట, మళ్ళీ చేసి నంబర్లు ఈడే పెడతా.