అప్‌డేట్: అకౌంట్స్ ఇంటర్వ్యూలో తొలి పరిచయం

బీకాం పూర్తయింది గానీ అనుభవం లేదని, అకౌంట్స్ అసిస్టెంట్ ఇంటర్వ్యూలో "మీ గురించి చెప్పండి" అంటే ఎలా మొదలుపెట్టాలని గతంలో మిమ్మల్ని అడిగాను. ఊరు, కుటుంబ వివరాలకు ముందే చేతనైన పని చెప్పమన్న మీ సలహా ప్రకారం, టాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కొనుగోలు బిల్లులు నమోదు చేసి, ప్రతి నెలా 14వ తేదీన వచ్చే జీఎస్‌టీఆర్-2బీతో (సరఫరాదారులు చూపిన బిల్లులపై మనకు దక్కే పన్ను క్రెడిట్ జాబితాతో) సరిపోల్చి, 20వ తేదీలోగా దాఖలు చేయవలసిన నెలవారీ జీఎస్‌టీ రిటర్ను 3బీకి లెక్కలు సిద్ధం చేయడం నేర్చుకున్నానని చెప్పాను. మేనేజరు గారు వెంటనే, సరఫరాదారు తన జీఎస్‌టీఆర్-1లో (అమ్మకాల రిటర్నులో) చూపని బిల్లుపై ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోలుపై కట్టిన పన్నును మన పన్నులోంచి తగ్గించుకోవడం) సంగతేమిటని అడిగారు. ఆ బిల్లు 2బీలో కనిపించేవరకు క్రెడిట్ తీసుకోకుండా, సరఫరాదారుకు గుర్తుచేస్తూ ఉండాలన్నాను. తరువాతి సంభాషణంతా పని చుట్టూనే సాగింది. రెండో విడతకు పిలిచారు; జీతం విషయం అప్పుడు మాట్లాడతారట.