అప్‌డేట్: జేజి జపమాలలో 109వ పూస సంగతి తేలింది

పోయిన వారం అడిగింది నేనే. కర్నూల్లో మా అమ్మ (పాపకు జేజి) జపమాలను మా పాప లెక్కపెడితే 109 పూసలొచ్చాయి, 108 ఉండాలంటారు కదా, అసలు ఆ 108 ఎందుకు అని. జవాబిచ్చిన అందరికీ దండాలు.

ముందు ఆ ఎక్కువ పూస సంగతి. మీరు చెప్పినట్టే అది మేరువు, అంటే 108 లెక్కలోకి రాని తలపూస. కుచ్చు దగ్గర కొంచెం పెద్దగా ఉంది. అమ్మ వేలు అక్కడికి రాగానే, దాటకుండా మాలను వెనక్కి తిప్పుతుంది. ఇన్నేళ్లూ చూస్తూనే ఉన్నా, ఎప్పుడూ పట్టించుకోలేదు.

ఇక 108 ఎందుకంటే, 27 నక్షత్రాలు, ఒక్కోదానికి 4 పాదాలు, మొత్తం 108. ఇది అమ్మకు ముందే తెలుసు. "12 రాశులకు తలా 9 పాదాలు పంచినా అంతే కదమ్మా" అని పాపకు తనే చెప్పింది. పాపకు మాత్రం ఒక 1, రెండు 2లు, మూడు 3లు గుణించే లెక్క తెగ నచ్చింది: 1×4×27. ఎంత చక్కగా కుదిరిందో!

108 వస్తుందని మీరు చెప్పిన కాగితం ముడి కూడా వేసి చూశాం. నోటుబుక్కు పేజీ నుంచి సన్నని పట్టీ కత్తిరించి, మామూలు ముడి వేసి, మెల్లగా లాగి గోటితో అదిమితే ఐదు భుజాల బొమ్మ వచ్చింది. పాప ఒక మూలకు కోణమానిని పెట్టింది. మొదట 106 చూపింది, ముడి వదులు. ఇంకాస్త బిగించాక సరిగ్గా 108! ఐదు మూలలూ కలిపి 540 డిగ్రీలు, అందులో ఐదోవంతు.

శనివారం అహోబిలం పోతున్నాం. 108 దివ్యదేశాల్లో (విష్ణు క్షేత్రాల్లో) అదొకటని జేజి గుర్తుచేసింది. ఆ కాగితం ముడి ఇప్పుడు జపమాల సంచిలోనే ఉంది.