అక్షరం రాసే క్రమాన్ని చూపించడానికి జిఫ్ చాలునా, వీడియో కావాలా?

తరగతిగది
సభ్యులందరికీ నమస్కారం. అమెరికాలో మా ఊరి తెలుగువారి పిల్లలకు వారాంతాల్లో అక్షరాలు నేర్పుతున్నాను. ఏ అక్షరాన్ని ఎక్కడ మొదలుపెట్టి ఎటు తిప్పాలో చూపడానికి బొమ్మలు గీసే జింప్ అనే సాఫ్ట్‌వేర్‌లో చిన్న చిన్న జిఫ్‌లు, అంటే కదిలే బొమ్మల ఫైళ్ళు, చేసి బడి వెబ్ పేజీలో పెట్టాను. పాత కాగితాన్ని ఫోటో తీసి వెనుక పరిచి, దాని మీద సన్నని ఎర్ర గీత కొంచెం కొంచెంగా పెరుగుతున్నట్టు ఒక్కొక్క దశను ఒక్కొక్క లేయర్‌గా (పొరగా) గీశాను. ‘క’ ఒక్కటే 1.4 మెగాబైట్లు అయింది. వర్ణమాల అంతా ఒకే పేజీలో ఉన్నందువల్ల ఫోన్లలో ఆ పేజీ తెరుచుకోవడానికి చాలాసేపు పడుతోంది. జిఫ్ మానేసి వీడియోలు పెట్టమని మా బడిలోని మరో ఉపాధ్యాయుడు అంటున్నారు. అనుభవం ఉన్నవారి అభిప్రాయం కావాలి.

కుంచె
తరగతిగది గారూ, ఆ బరువు జిఫ్‌ది కాదు, కాగితం ఫోటోది. జిఫ్‌లో ఒక ఫ్రేమ్‌కు, అంటే కదలికలోని ఒక్కో దశ బొమ్మకు, 256 రంగులకు మించి పట్టవు కాబట్టి, ఫోటోలోని వేల ఛాయలను చూపడానికి జింప్ డిథరింగ్ చేస్తుంది. అంటే ఉన్న రంగుల చుక్కలను పక్కపక్కన చల్లి లేని రంగు ఉన్నట్టు భ్రమ కల్పిస్తుంది. జిఫ్ వాడే ఎల్‌జెడ్‌డబ్ల్యూ కుదింపు ఒకే రంగు, ఒకే వరుస మళ్ళీ మళ్ళీ వచ్చినప్పుడు బాగా పనిచేస్తుంది, చుక్కలు చల్లిన చోట దానికి పట్టు దొరకదు. ఫోటో తీసేసి తెల్లని నేపథ్యం పెట్టండి. ఇమేజ్ మెనూలోని మోడ్‌లో ఇండెక్స్‌డ్ (పరిమిత రంగుల పద్ధతి) ఎంచుకుని, రంగులను 8కి తగ్గించి, డిథరింగ్ వద్దని చెప్పండి. ఆ తరువాత ఫిల్టర్స్ మెనూలో యానిమేషన్ కింద ఉన్న ఆప్టిమైజ్‌ను నడిపితే, ప్రతి ఫ్రేమ్‌లో మారిన భాగాన్ని మాత్రమే ఉంచి దానిని కొత్త చిత్రంగా తెరుస్తుంది. మీ అసలు ఫైల్ చెక్కుచెదరదు. లేయర్ పేరు పక్కన బ్రాకెట్లలో వ్యవధి రాస్తే ఆ ఫ్రేమ్ అంతసేపు నిలుస్తుంది. చివరి ఫ్రేమ్‌కు 1500 మిల్లీసెకన్లు ఇస్తే పూర్తయిన అక్షరాన్ని పిల్లలు తీరికగా చూసుకుంటారు. ఇంత చేస్తే ఫైల్ కొన్ని పదుల కిలోబైట్లకు దిగుతుంది, వీడియో అవసరమే రాదు.

నిలకడ
కుంచె గారు చెప్పినవన్నీ చేయదగినవే, కానీ అవన్నీ ఒక పాత పద్ధతికి వేసే అతుకులు. జిఫ్ 1987లో కంప్యూసర్వ్ సంస్థ తెచ్చినది. ఫ్రేముల మధ్య వ్యవధి 1989 నాటి రూపంలో చేరింది, ఆగకుండా తిరగడం 1995లో నెట్‌స్కేప్ 2.0 బ్రౌజర్ చేర్చిన పొడిగింపుతో వచ్చింది. ఈనాటి వీడియో కుదింపు ముందు ఫ్రేమ్‌ను చూసి తరువాతి ఫ్రేమ్‌ను అంచనా వేసుకుంటుంది. శబ్దం లేని వీడియోను పేజీలోనే దానంతట అది ఆడించడానికి 2016లో ఐఓఎస్ 10 నుంచి ఐఫోన్ కూడా ఒప్పుకుంటోంది. 256 రంగుల గదిలో ఇంకా ఎందుకు ఇరుక్కుని ఉండాలి?

కుంచె
ఎర్ర గీత ఒకటి, తెల్లని నేల ఒకటి, గీత అంచును నునుపు చేసే నాలుగైదు మధ్య ఛాయలు. ఇందులో 256 రంగుల కొరత ఎక్కడ వచ్చిందో చెప్పండి.

మూడో పంక్తి
ఒక చిన్న మాట: వ్యవధి 20 మిల్లీసెకన్ల కన్నా తక్కువ పెట్టకండి. అలా పెడితే బ్రౌజర్లు దానిని 100 మిల్లీసెకన్లుగా తీసుకుంటాయి, వేగంగా ఆడాలనుకున్నది నత్తనడక నడుస్తుంది.

నిలకడ
రంగుల సంగతి ఈ ఒక్క పేజీకి పరిమితం కాదు. రేపు ఆ బడివారు పారదర్శకమైన నేపథ్యం కోరితే ఏం చేస్తారు? జిఫ్‌లో ఒక చుక్క పూర్తిగా కనబడాలి, లేదా పూర్తిగా మాయం కావాలి; సగం పారదర్శకత లేదు. అందువల్ల ముదురు రంగు పేజీ మీద అక్షరం చుట్టూ తెల్లని అంచు మిగులుతుంది.

కుంచె
వీడియో చేసే నష్టం నేను స్వయంగా చూశాను. ఒక దుకాణం వారి పండుగ శుభాకాంక్షల కోసం సన్నని ఎర్ర గీతలతో ముగ్గు పరుచుకుంటున్నట్టు ఒక లూప్ (మళ్ళీ మళ్ళీ తిరిగే జిఫ్) చేశాను. వారు వాడే వెబ్‌సైట్ సేవ దానిని తనంతట తానే వీడియోగా మార్చింది. సాధారణంగా వాడే వీడియో పద్ధతిలో వెలుగు వివరాలను పూర్తిగా ఉంచి, రంగు వివరాలను అడ్డంగా సగం, నిలువుగా సగం చేస్తారు. ఫోటోలో అది కంటికి తెలియదు, సన్నని ఎర్ర గీతలో మాత్రం రంగు పక్కకు కారినట్టు కనబడుతుంది. పని నాసిరకంగా ఉందని నా డబ్బులో సగం కోత పెట్టారు. గీతలతో చేసిన బొమ్మకు వీడియోయే మేలని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

దారిన పోయే
ఏపీఎన్‌జీని, అంటే కదిలే పీఎన్‌జీ చిత్రాన్ని, ఎవరూ తలచుకోలేదేమి? ఫైర్‌ఫాక్స్ 2008 నుంచి, క్రోమ్ 2017 నుంచి ఆడిస్తున్నాయి. నిండు రంగులూ సగం పారదర్శకతా రెండూ ఉన్నాయి.

నిలకడ
కుంచె గారూ, మీరు పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఎవరో మీ డబ్బు కోసినందుకు వీడియో మొత్తం తప్పయిపోదు. మీకు మీ గీత అందమే కనబడుతోంది, దానిని చూసే మనిషి కనబడటం లేదు. నాకు లోపలి చెవి జబ్బు వచ్చినప్పటి నుంచి కంటి కొసలో ఏదైనా ఆగకుండా కదులుతుంటే తల తిరుగుతుంది. వంట గురించిన ఒక పేజీలో పదార్థాల కొలతలు చదువుకోవడానికి, పక్కన తిరుగుతున్న బొమ్మను అరచేతితో మూసుకుని చదివాను. దానిని ఆపే మీట ఆ పేజీలో ఎక్కడా లేదు. మీరు ఇప్పుడు ఈ బడివారి చేత వర్ణమాల అంతటినీ ఒకే పేజీలో, ఒకేసారి, ఎన్నటికీ ఆగకుండా తిప్పించబోతున్నారు.

కుంచె
మీ బాధను నేను తక్కువ చేయడం లేదు. అయితే ఇంతసేపూ రంగుల గురించి, కుదింపు గురించి వాదించి, అసలు మాట ఇప్పుడు చెప్పారు. మీ అభ్యంతరం జిఫ్ మీద కాదు, ఆగని తిరుగుడు మీద. నాకు ఆ తిరుగుడే ముఖ్యం. అయిదేళ్ళ పాప మీట కోసం వెతకదు. బొమ్మ తనంతట తాను మళ్ళీ మొదలైతేనే ఆ పాప వేలు దానిని అనుసరిస్తుంది.

నిలకడ
అవును, నా అభ్యంతరం అదే. వెబ్ అందుబాటు నియమాల్లో 2.2.2 అనే అంశం ఉంది. తనంతట తాను మొదలై, అయిదు సెకన్లకు మించి, ఇతర విషయాల పక్కన కదిలే దేనినైనా ఆపడానికో దాచడానికో చదివేవారికి దారి ఉండాలని అది చెబుతుంది. సాధారణ చిత్రంగా పెట్టిన జిఫ్ ఆ దారి ఇవ్వదు, వీడియోకు మీట పుట్టుకతోనే ఉంది. ఎప్పుడు ఆగాలో నిర్ణయించేది చూసేవారు కావాలి, చేసినవారు కాదు.

మూడో పంక్తి
ఫోన్‌లో కదలికలు తగ్గించమని సెట్టింగ్ పెట్టుకున్నవారికి వెబ్ పేజీ కోడ్‌లోని పిక్చర్ ట్యాగ్ ద్వారా కదలని చిత్రాన్ని పంపవచ్చు. జిఫ్ మార్చనవసరం లేదు.

నిలకడ
ఆ సెట్టింగ్ ఉందని తెలియనివారు ఏమైపోవాలి?

తరగతిగది
మీ ఇద్దరి మాటలూ చదివాక, ఈ వారం తరగతిలో పిల్లలను జాగ్రత్తగా గమనించాను. కాగితం ఫోటో తీసేసి కుంచె గారు చెప్పినట్టు చేస్తే ‘క’ 38 కిలోబైట్లకు దిగింది, ఆ సమస్య తీరింది. చేయి వేగంగా సాగే పిల్లలు లూప్‌తో పాటే రాసేస్తున్నారు. నెమ్మదిగా రాసే ఒక అబ్బాయి మాత్రం తలకట్టు దగ్గరకు వచ్చి బొమ్మ వైపు తల ఎత్తేసరికి, అది మళ్ళీ మొదటికి వచ్చింది. రాస్తున్నది కొట్టేసి తానూ మొదటి నుంచి మొదలుపెట్టాడు. తరువాతి సారీ అలాగే జరిగింది. వాడికి కావలసింది ఆగే బొమ్మ.

అందువల్ల పేజీలో బాణం గుర్తులు వేసిన పూర్తి అక్షరాన్ని కదలకుండా పెడతాను. నొక్కితే ఒక్కసారి ఆడి, చివరి ఫ్రేమ్ దగ్గర ఆగిపోయే జిఫ్ అక్కడ వస్తుంది. జింప్‌లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఎప్పటికీ తిరగాలనే గుర్తు తీసేస్తే ఒక్కసారే ఆడుతోంది. ఆగకుండా తిరిగేది కావాలనే తల్లిదండ్రులు దింపుకోవడానికి వేరే లంకె ఇస్తాను.

నిలకడ
ఇది నాకు సమ్మతమే. అయితే మధ్యలో ఆపే వీలు ఇందులోనూ లేదు, తలకట్టు దగ్గర చిక్కుకున్న ఆ అబ్బాయికి కావలసింది అదే కదా. ఒక్క అక్షరాన్నయినా వీడియోగా పెట్టి వాడి చేత ప్రయత్నింపజేయండి.

కుంచె
ఒక్కసారి ఆడి ఆగిపోయే దానిని నేను ఇప్పటికీ సగం పనిగానే భావిస్తాను. అయినా మీ తరగతి మీకు తెలుసు. మధ్యలో ఆగాలంటే వీడియో అక్కరలేదు, అక్షరాన్ని రెండు జిఫ్‌లుగా విడగొట్టండి: తలకట్టు వరకు ఒకటి, తలకట్టు ఒకటి. మీ అసలు జింప్ ఫైల్, లేయర్లు కలపకుండా, ఇక్కడ జత చేస్తే నేనే విడగొట్టి పంపుతాను.