అమ్మగారు ఆసుపత్రిలో ఉన్న నెలలకు వృద్ధుల నివాసానికి పూర్తి రుసుము కట్టాలా?

ప్రశ్న (బరంపురం నుంచి)

మా అమ్మగారికి ఎనభై దాటాయి. నాన్నగారు పోయిన తరువాత పర్లాకిమిడి ఇంట్లో ఒంటరిగా ఉండలేక, బరంపురంలో నెలవారీ రుసుము తీసుకునే ఒక వృద్ధుల నివాసంలో చేరారు. నెలకు 22,000 రూపాయలు కడుతున్నాము. గది, భోజనం, ఆయా సేవ అన్నీ అందులోనే. ఇటీవల స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరగడంతో విశాఖపట్నం తీసుకువెళ్లి శస్త్రచికిత్స చేయించాము. ప్రస్తుతం అక్కడే ఒక పునరావాస కేంద్రంలో ఫిజియోథెరపీ జరుగుతున్నది. ఇంకా ఆరు వారాలైనా పడుతుందని వైద్యులు అంటున్నారు. ఆ ఖర్చు వేరే. నివాసం వారు మాత్రం గదికి తాళం వేసి ఉంచాము కనుక పూర్తి మొత్తం కట్టవలసిందేనని, లేకపోతే గది వేరొకరికి ఇచ్చేస్తామని ఫోనులో చెప్పారు. తినని అన్నానికీ, అందని సేవకూ కూడా డబ్బు ఇవ్వవలసిందేనా? ఒప్పంద పత్రంలో, తాత్కాలికంగా బయట ఉన్నప్పటికీ నెలవారీ రుసుము వర్తిస్తుందన్న ఒక్క వాక్యం తప్ప ఆసుపత్రి మాట ఎక్కడా లేదు. తెలిసినవారు దారి చెప్పగలరు.

జవాబు 1 (రాయగడ నుంచి)

అమ్మగారి మంచం, బీరువా, దేవుడి పటాలు ఆ గదిలో ఉన్నంత కాలం వారు దానిని మరొకరికి ఇవ్వలేరు కనుక, గది అద్దె అడగడాన్ని తప్పుపట్టలేము. చిక్కంతా అన్నీ కలిపి ఒకే అంకె వేయడంలో ఉన్నది. 22,000లో గది వాటా ఎంత, భోజనం ఎంత, ఆయా సేవ ఎంత అన్నది విడివిడిగా రాసి ఇమ్మని ముందుగా అడగండి. ఫోనులో కాదు, ఉత్తరం ద్వారా అడగండి. భోజనం లెక్క తేలికగా తెగుతుంది. వంటవారు బియ్యం, కూరగాయలు మనుషుల లెక్కనే తెస్తారు కనుక, ఒక మనిషి లేరని ముందుగా తెలిస్తే ఆ ఖర్చు వారికి మిగులుతుంది. ఆయా జీతం మాత్రం నెల జీతం. మీ అమ్మగారు లేరని ఆమెను మానిపించలేరు కనుక, అక్కడ వారు గట్టిగా పట్టుబడతారు. అందులో సగానికి ఒప్పుకోవడం ఇరువైపులా మర్యాదగా ఉంటుందని నా అభిప్రాయం.

అయితే డబ్బు బేరం కంటే ముందు తేల్చుకోవలసినది మరొకటి ఉన్నది. అమ్మగారు తిరిగి వస్తే వారు చేర్చుకుంటారా? రుసుము తీసుకునే నివాసాలలో చాలావరకు తమ పనులు తాము చేసుకోగలిగిన వారినే ఉంచుకుంటాయి. తుంటి శస్త్రచికిత్స తరువాత వాకరు పట్టుకుని నడవాలి, గొంతుకూర్చోకూడదు, నేల మీద కూర్చోకూడదు. గది మేడ మీద ఉన్నదా, మరుగుదొడ్డిలో కమోడు ఉన్నదా, పట్టుకోవడానికి గోడకు కడ్డీలు ఉన్నాయా, రాత్రి పిలిస్తే పలికే మనిషి ఉన్నారా అని ఇప్పుడే అడగండి. చేర్చుకుంటామని స్పష్టంగా రాసి ఇవ్వకపోతే, అమ్మగారు తిరిగి అడుగుపెట్టని గదికి రెండు నెలలు అద్దె కట్టి, చివరకు సామాను తెచ్చుకోవలసి వస్తుంది. ఆ అనుమానం ఉంటే ఇప్పుడే ఖాళీ చేస్తున్నట్లు నోటీసు ఇచ్చి, డిపాజిట్టు వెనక్కి తీసుకోవడమే మేలు.

జవాబు 2 (జయపురం నుంచి, న్యాయవాద వృత్తి)

పై సలహాతో ఏకీభవిస్తున్నాను. చట్టం సంగతి చెబుతాను. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007 ప్రధానంగా పిల్లల బాధ్యత గురించినది; అందులోని 19వ సెక్షను చెప్పే వృద్ధాశ్రమాలు నిరుపేద వృద్ధుల కోసం రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటు చేసేవి. మీ అమ్మగారు ఉంటున్న నివాసం ఎంత రుసుము తీసుకోవాలో ఆ చట్టం నిర్ణయించదు. విశ్రాంత నివాసాల (రిటైర్మెంట్ హోమ్‌ల) గురించి కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ 2019లో ఇచ్చిన నమూనా మార్గదర్శకాలు రాష్ట్రాలకు సలహా మాత్రమే. అందువల్ల మీకు ముఖ్యమైనది ఒప్పంద పత్రమే, అందులోని ఆ ఒక్క వాక్యం వారి వైపే మొగ్గుతున్నది.

అయినా అందించని సేవకు డబ్బు వసూలు చేయడాన్ని వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద ప్రశ్నించవచ్చు. మీరు ఉంటున్న జిల్లాలోనే, అంటే గంజాం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. సేవకు చెల్లించిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే ఫిర్యాదుకు రుసుము ఉండదు. ఒప్పందమే అన్యాయమైనదని, ఆ షరతు చెల్లదని ప్రకటించమంటే మాత్రం కటక్‌లోని రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి, ఇంత చిన్న మొత్తానికి అది దండుగ. ముందు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోను చేయండి. వృద్ధుల సహాయ నంబరు 14567 కూడా ఉన్నది. ఉత్తరాన్ని స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

జవాబు 3 (బరంపురం నుంచి)

మా అక్కగారు అమెరికాలో తమ అత్తగారి విషయంలో ఇదే ఇబ్బంది పడ్డారు. ఆసుపత్రిలో కనీసం మూడు రోజులు చేరి ఉన్న తరువాత, నర్సింగ్ కేంద్రంలో చికిత్సకు మెడికేర్ (అక్కడ వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) 100 రోజుల వరకు సాయం చేస్తుంది; మొదటి 20 రోజులే పూర్తిగా, ఆ పైన రోజుకు కొంత మనమే కట్టాలి. పెద్దావిడ అంతకు ముందు ఉంటున్న నివాసం అద్దెకు మాత్రం అది ఒక్క డాలరు కూడా ఇవ్వదు. కనుక ఇది మన దగ్గరే ఉన్న అన్యాయమని అనుకోకండి. ఇక్కడ కూడా ఆరోగ్య బీమా ఆసుపత్రి ఖర్చుకే. డెబ్బై నిండిన వారికి కేంద్ర ప్రభుత్వ ఆయుష్మాన్ భారత్ పథకం కింద ఇచ్చే 5 లక్షల సదుపాయమూ అంతే.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఉత్తరం పంపిన తరువాత నివాసం వారి ధోరణి మారింది. గదికి 11,000, ఆయా సేవకు సగం చొప్పున 3,000 కట్టమన్నారు; భోజనం సొమ్ము పూర్తిగా మినహాయించారు. తిరిగి చేర్చుకోవడానికి మాత్రం వైద్యుని పత్రం కావాలంటున్నారు. దానిలో ఏమి రాయించాలి?

జవాబు 1 రాసినవారు

ఆరోగ్యంగా ఉన్నారని ఒక్క ముక్క రాయిస్తే సరిపోదు. వాకరుతో ఎంత దూరం నడవగలరు, మంచం మీద నుంచి తనంతట తాను లేవగలరా, మరుగుదొడ్డికి తోడు కావాలా, మందులు ఎవరు ఇవ్వాలి, మళ్లీ పరీక్షకు ఎప్పుడు రావాలి అన్నవి ఫిజియోథెరపిస్టు చేత కూడా సంతకం చేయించి తీసుకోండి. తోడు కావాలని రాస్తే ఆయా రుసుము పెంచుతారు. ఎంత పెంచుతారో డిశ్చార్జికి ముందే అడిగి, ఈ 14,000 ఏర్పాటు ఏ తేదీతో ముగుస్తుందో కూడా అదే కాగితం మీద రాయించుకోండి.