తాత పేరు ముందు కెప్టెన్ అని చెక్కించాలా, మేజర్ అనా?

తిరుపతి మనవరాలు:
మా తాత చిత్తూరు కోర్టులో వకీలు. 1962 చైనా యుద్ధమప్పుడు నల్లకోటు పక్కనపెట్టి, సైన్యంలో తాత్కాలికంగా ఆఫీసర్లను తీసుకునే ఎమర్జెన్సీ కమిషన్‌కు దరఖాస్తు పెట్టారు. 1963లో మద్రాసులో కొత్తగా తెరిచిన ఆఫీసర్స్ ట్రైనింగ్ స్కూల్లో శిక్షణ. 1968లో తిరిగొచ్చి మళ్లీ అదే కోర్టు. ఊరి హైస్కూలుకు రెండెకరాల మామిడితోట రాసిచ్చింది ఆయనే. ఇప్పుడు స్కూలు వాళ్లు గేటు దగ్గర ఆయన పేరుతో శిలాఫలకం పెడతామంటున్నారు. నాన్న మేజర్ అంటాడు, పెదనాన్న కెప్టెన్ అంటాడు. కాగితాలన్నీ చెదలు తినేశాయి. ట్రంకుపెట్టెలో ఒక మెడల్ మాత్రం మిగిలింది. తాతేమో సాక్షితో సంతకం పెట్టించే ముందు కాగితం మూడుసార్లు చదివించే మనిషి. ఆయన పేరు మీద తప్పు చెక్కించడానికి నాకు మనసు ఒప్పడం లేదు. ఎక్కడ అడగాలి?

మాజీ సుబేదార్, పలమనేరు:
అమ్మా, ముందు ఆ మెడల్ అంచు చూడు. నంబరు, ర్యాంకు, పేరు అక్కడ చెక్కి ఉంటాయి. ఎమర్జెన్సీ కమిషన్ ఆఫీసర్ల నంబరు ‘ఈసీ’తో మొదలవుతుంది. బ్రాసో పెట్టి రుద్దొద్దు, అక్షరాలు అరిగిపోతాయి. మెత్తటి గుడ్డతో తుడిచి భూతద్దంతో చూడు. ఆ ర్యాంకు మెడల్ నాటిది, చివరిదాకా అదే ఉండాలని లేదు. మనకు కావాల్సింది నంబరు. అది పట్టుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లు. ఆఫీసర్ల రికార్డులు ఢిల్లీలో ఉంటాయి, అక్కడికి ఎలా రాయాలో చెప్తారు. తాతగారి డెత్ సర్టిఫికెట్ మర్చిపోవద్దు.

చిత్తూరు వకీలు:
భారత గెజిట్ పార్ట్ 1, సెక్షన్ 4 కూడా వెతకండి. రక్షణ శాఖ ఆఫీసర్ల నియామకాలు, ప్రమోషన్లు అందులోనే వేస్తుంది. ఓపిక కావాలి.
మామిడితోట ఇచ్చిన మిలిటరీ వకీలు అంటే, మా సీనియర్ ఎప్పుడూ చెప్పే ఆయనే అనుకుంటా. సిపాయిల భార్యలు పెన్షన్ అర్జీకి వస్తే ఫీజు ముట్టేవారు కాదట, టైపు ఖర్చు కూడా ఆయనదేనట. ఫలకం మీద అది రాయించండి, ర్యాంకు కంటే ముందు.

తిరుపతి మనవరాలు:
రాత్రి నాన్న, నేను కూర్చుని చూశాం. 1965 రక్షా మెడల్. అంచు మీద ఈసీ నంబరు, పక్కన లెఫ్టినెంట్ అని ఉంది. నాన్న చాలాసేపు దాన్ని చేతిలోనే పెట్టుకున్నాడు. సోమవారం సైనిక సంక్షేమ ఆఫీసుకు వెళ్తున్నాం, పెదనాన్న కూడా వస్తానన్నాడు. అంతవరకు రాయి మీద ఉలి పెట్టొద్దని హెడ్‌మాస్టర్‌గారికి చెప్పాను.
వకీలుగారూ, ఫీజు సంగతి మాకు తెలీదు. మీరు రాసింది అవ్వకు చదివి వినిపించాను. “వాళ్లు తెచ్చిన చింతపండు కూడా తిప్పి పంపేవాడు, నేనే తిట్టేదాన్ని” అంది.