ఇంటికి ఎలాంటి బ్లెండర్ తీసుకోవాలి? వాడుతున్నవాళ్లు చెప్పండి

మా పాత బ్లెండర్ పోయిన వారం పనిచేయడం మానేసింది. మోటారు గుయ్‌మని తిరుగుతోంది కానీ బ్లేడు కదలడం లేదు. జార్ తీసి చూస్తే, కింద బ్లేడును తిప్పే రబ్బరు కప్లర్ పళ్లన్నీ అరిగిపోయి, చుట్టూ నల్లటి పొడి రాలి ఉంది. ఆ చిన్న ముక్క విడిగా ఎక్కడా దొరకలేదు. మిగతాదంతా బాగానే ఉన్నా పక్కన పెట్టాల్సి రావడం చాలా బాధనిపించింది. అందుకే ఈసారి విడిభాగాలు సులభంగా దొరికేదే కావాలి.

ఇంట్లో ముగ్గురం. రోజూ గడ్డకట్టిన పండ్ల ముక్కలతో స్మూతీ, అప్పుడప్పుడు సూపు చేస్తాం. 500 వాట్లు సరిపోతాయా, 1000 దాటాలా? వాట్లు మోటారు ఎంత కరెంటు తీసుకుంటుందో చెబుతాయే గానీ ఎంత మెత్తగా తిప్పుతుందో చెప్పవు కదా, అక్కడే తికమకపడుతున్నాను.

జార్ విషయంలోనూ తేల్చుకోలేకపోతున్నాను. గాజుదైతే వాసన, మరక పట్టవు. కానీ అమ్మకు మణికట్టు నొప్పి, నిండు జార్ ఎత్తలేదు. ప్లాస్టిక్‌ది తేలికే, కొన్నాళ్లకు గీతలు పడి మసకబారుతుందేమో.

ఇంకొకటి, ఇదే నాకు పెద్ద టెన్షన్. ఒకసారి వేడి సూపు పోసి తిప్పగానే ఆవిరికి మూత ఎగిరి నా చెయ్యి కాలింది. మూతలో ఆవిరి పోయే దారి ఉన్నది తీసుకుంటే చాలా? లేక సూపుకి గిన్నెలోనే పెట్టి తిప్పే హ్యాండ్ బ్లెండర్ వేరేగా కొనడం మంచిదా? రెండూ వాడినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.